రెండువేల బొట్లు

అల్లూరు,
13-11-1961.

ప్రభువు దయవల్ల నెలకు రెండు పౌన్ల చొప్పున ఒళ్ళు చేస్తున్న నా పెనిమిటి హెబ్రోను గారికి, మీ ఇంటిది రెబెక్కమ్మ వందనాలు చేసి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను, మన ఆనందకుమారి, రెండు కోళ్ళు, స్టూడియో మీది అద్దాల పెంకులు, అందరం బాగున్నాం. సముద్రం మీది గాలివాన రెండుసార్లు వచ్చి పెంకులను పలకరించి పోయింది గానీ ఒక్కటీ కదలలేదు. మీరు ఎలా ఉన్నారో వేరే రాయనక్కరలేదు. నాలుగు పేజీలు, రెండువైపులా, ఎక్కడా ఆయాసపడకుండా కోప్పడగలిగారంటే మదనపల్లె గాలి మీ ఊపిరితిత్తులకు బాగానే పట్టింది. ఆ ఉత్తరం పోస్టు చేసేముందు శానిటోరియం డాక్టరు గారికి ఒకసారి చూపించి ఉంటే, ఈ నెల ఎక్స్‌రే తీయనక్కరలేదని ఆయనే చెప్పేవారు.

మీ ఉత్తరం గురువారం అందింది. నేను రెండుసార్లు చదివాను. ఆనందం ఒక్కసారి చదివి, వంటింట్లోకి పోయి, ఉల్లిపాయలు తరగకుండానే కళ్ళు తుడుచుకుంది. ఆ రోజే జవాబు రాయాల్సింది. నాలుగు రోజులు ఆగాను. ఎందుకు ఆగానో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

మీరు అడిగినవి నాలుగు. కెమెరా తోలు తిత్తికి చెమ్మ తగులుతోందా అని ఒకటి. స్టూడియో తాళం తీస్తున్నామా అని రెండోది. నేను పంపిన సున్నుండల పొట్లానికి చుట్టిన కామాక్షయ్య చీరల అంగడి దీపావళి కాగితం మీద మన బిడ్డ చీర కట్టుకొని ఏం చేస్తోంది, ఆ నుదుట ఎర్రబొట్టు ఏమిటి, మనం మతం ఎప్పుడు మార్చుకున్నాం అని మూడోది. ఆ ఫోటో తీసినవాడెవడు, వాడిని చూసి మన పిల్ల ఇంట్లోవాడిని చూసినట్టు ఎందుకు నవ్వుతోంది అని నాలుగోది. వీటి కింద, ప్రశ్న కాని మాట ఒకటి రాశారు. "నాకంటే చెయ్యి తిరిగినవాడు అల్లూరికి వచ్చేశాడు. ఇక నేను వచ్చి చేసేదేమీ లేదు. నెల్లూరు స్టూడియో మస్తానయ్యకు ఉత్తరం వేశాను. ఆయన వచ్చి కెమెరా పట్టుకుపోతాడు, ఇచ్చెయ్యి" అని.

మీ కోపం నాకు కొత్తదా ఏమి, చదివి నవ్వుకుంటాను. ఈ మాటకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటికి పోయి చేసేదేమీ లేదు అనుకుంటూ సూది వేయించుకునే మనిషికి ఆ సూది పనిచేస్తుందా?

సరే, వరుసగా చెబుతాను. నాలుగోది ముందు చూద్దామని పేజీలు తిప్పకండి. తిప్పితే నాకు ఇక్కడికే తెలిసిపోతుంది.

తిత్తి బాగుంది. మీరు చెప్పినట్టే గుడ్డలో సున్నపు ముక్కలు కట్టి పక్కన పెట్టాను. అవి చెమ్మ పీల్చి పొడి అయిపోతే కొత్తవి మారుస్తున్నాను. ఆ పెట్టెను చూసుకున్నట్టు నన్ను ఎవరైనా చూసుకుంటే నేనూ ఇంకో ఇరవై ఏళ్ళు కిర్రుమనకుండా ఉంటాను.

తాళం తీస్తున్నామా అంటే తీస్తున్నాం, తుడవడానికి. ఇంకా దేనికైనా తీస్తున్నామా అనేది నాలుగో దాని కిందికి వస్తుంది.

ఇక బొట్టు సంగతి. దసరాకు పదిరోజుల ముందు కామాక్షయ్య మన అరుగు మీదికి వచ్చి, గొడుగు మూయకుండానే మొదలుపెట్టాడు.

"ఏం రెబెక్కమ్మా, ఈ యేడు మీ ఆయన రాలేడు గదా. కావలి అంగడోళ్ళు మనిషికి చీర కట్టి ఫోటో తీయించి ఊరంతా పంచినారంట. నేనింకా బల్ల మీద మడతలు పేర్చి తీయిస్తా కూర్చుంటే నా వెంకటగిరి చీరల్ని ఎవురు చూస్తారు? నెల్లూరు మస్తానయ్యను పిలిపిస్తా. ఏమనుకోబాకు."

ఏమనుకోవాలో నాకు తెలుసు. మస్తానయ్య ఒక్కసారి వస్తే ఇక్కడ స్టూడియోకు తాళం వేసి ఉండడం చూస్తాడు. క్రిస్మసు నాటికి బజారులో గది తీసుకుంటాడు. మీరు బాగుపడి వచ్చేసరికి మీ గిరాకీ అంతా ఇంకొకరి గుమ్మం ముందు నిలబడి ఉంటుంది. అందుకని నోటికి వచ్చింది చెప్పాను.

"పిలవబాకండి శెట్టిగారూ. మా ఆయన శిష్యుడొకడు మద్రాసులో ఉండాడు. వచ్చి తీసిచ్చి పోతాడు."

"శిష్యుడా? ఎప్పుడూ వినలేదే!"

"మీకు చెప్పి చేర్చుకుంటారా ఏంది?"

గొడుగు మూశాడు. "సరే. మరి చీర ఎవురికి కట్టాల?"

"మీ అమ్మాయిలు ముగ్గురుండారు గదా."

"మా ఇంటి ఆడబిడ్డలు అంగడి కాగితాల మీదికి ఎక్కరమ్మా."

"మా ఇంటి ఆడబిడ్డలు ఎక్కొచ్చునా?"

"మీరు ఫోటోలోళ్ళు గదా. మీకేంది!"

ఫోటోలు తీసేవాళ్ళ బిడ్డలు కాగితం మీదే పుడతారని ఆయన నమ్మకం. నా నాలుక మీదికి వచ్చిన జవాబు నాకే ముద్దొచ్చింది గానీ మింగేశాను. ఆనందాన్ని అడిగాను. ఒక పూట ఆలోచించి, "నాయన స్టూడియో నిలబడతాదంటే కట్టుకుంటామ్మా. నవ్వమంటే మాత్రం నా వల్ల కాదు" అంది.

ఫోటో తీయడం అయింది. అది ఎలా జరిగిందో తర్వాత. ప్లేటు మద్రాసు పోయి బ్లాకు అయింది, బ్లాకు నెల్లూరు పోయి అచ్చయింది. ఈలోగా కామాక్షయ్య సరుకు కోసం వెంకటగిరిలో మగ్గాల చుట్టూ తిరుగుతున్నాడు. మధ్యలో ఒక్కరూ ఆయనకు చూపించలేదు. పండగ తొమ్మిది రోజులు ఉందనగా రెండువేల కాగితాలు కట్టలు కట్టుకొని బస్సు మీద దిగాయి. ఆయనా అదే బస్సులో దిగాడు. కట్ట విప్పి, ఒక కాగితం మూల పట్టుకొని, చచ్చిన ఎలుకను తోకపట్టి తెచ్చినట్టు మన ఇంటికి తెచ్చాడు.

"ఏందిది?"

"మీ కాగితమే."

"అది నాకూ తెలుసు. ఈ ఆడమనిషి నుదురు చూడు."

చూశాను. నుదురు నుదురులాగే ఉంది. "బాగానే ఉంది గదా శెట్టిగారూ."

"బొట్టేదీ?"

ఏమండీ, నిజం చెబుతున్నాను, ఆయన అడిగేవరకూ నాకు తట్టలేదు. ఆనందానికీ తట్టలేదు. జడలో పూలు తురిమాం. చేతికి గాజులు ఎరువు తెచ్చాం. కొంగు మీది జరీ పువ్వు సరిగ్గా ఎదురుకు వచ్చేలా నాలుగుసార్లు సర్దాం. కానీ మనింట్లో నుదురంటే ఉత్త నుదురే. మా అమ్మది అంతే, మీ అమ్మది అంతే. అక్కడ ఏదో లేదని మనకెలా కనబడుతుంది?

కామాక్షయ్య అరిచిన అరుపుకు రెండు కోళ్ళూ గోడెక్కాయి. "పండగపూట బొట్టు లేని మనిషిని ఇంటింటికీ పంపిస్తానా? నా గుమ్మం ఎవురు తొక్కుతారు? మీవోళ్ళు పెట్టుకోరు, నాకు తెలుసు. నా అంగడికొచ్చేవోళ్ళకు తెలవద్దా? ఆ శిష్యుడెవుడో పిలువు! కళ్ళు మూసుకొని తీసినాడా?"

"మద్రాసు పోయినాడు."

"మస్తానయ్య అయితే ఇట్టా చేసుండడు. ఈ కాగితాలు నువ్వే పొయ్యిలో పెట్టుకో. ఈసారి నుంచి నా అంగడి పని ఒక్కటి కూడా ఈ స్టూడియోకు రాదు. మీ ఆయన వచ్చినా రాదు."

ఆ చివరి మాటకు ఆనందం తలుపు పట్టుకొని నిలబడిపోయింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో జవాబు దొరక్క నా నోరు ఊరుకోవడం అదొక్కసారే. మీరు లేకపోయారు చూడడానికి.

అప్పుడే ఎదురింట్లోంచి కామాక్షయ్య భార్య వెంకటశేషమ్మ బయటికి వచ్చింది, చేతిలో కుంకుమ భరిణె పట్టుకొని. వాళ్ళ కోడలి సీమంతానికి పిలుపులు. మీకు తెలుసు గదా వాళ్ళ పద్ధతి. ఇల్లిల్లూ తిరిగి, ఇంటావిడ నుదుట బొట్టు పెట్టి, తప్పకుండా రావాలమ్మా అంటారు. మనింటికి వస్తే నోటితో పిలిచి పోతుంది, మిగతావాళ్ళకు బొట్టు. నోటితో పిలిచినవాళ్ళు మరిచిపోవచ్చు. బొట్టు పెట్టించుకున్న మనిషి మాత్రం పొయ్యి మీద అన్నం ఉడుకుతున్నా దించేసి పోవాల్సిందే.

"శెట్టిగారూ, ఉత్త కాగితం పంచితే జనం ఏం చేస్తారు?" అన్నాను.

"చూసి పొట్లాలు కట్టుకుంటారు."

"బొట్టు పెట్టి పిలిస్తే?"

ఆయన తన భార్య వైపు చూశాడు. భరిణె వైపు చూశాడు. చేతిలో కాగితం వైపు చూశాడు. చీరల లెక్క తప్ప ఇంకేదీ ఎక్కదనుకున్న ఆ తలలోకి ఏదో ఎక్కుతున్నట్టు కనబడింది.

"అంగడికి పేరంటమా?"

"దీపావళి చీరకు పేరంటం. ప్రతి కాగితం మీదా మీ ఇంటావిడ చేతి బొట్టు. అచ్చుది కాదు, అసలుది. ఏ కావలోడికి తట్టింది ఇది?"

"రెండువేలు గదమ్మే!"

"మన వీధిలో ముత్తయిదువలు లేరా?"

మరునాటి పొద్దుటికి వాళ్ళ నట్టింట్లో పదకొండు మంది కూర్చున్నారు. మొదట కుంకుమ అద్దితే, కాగితం ఎత్తగానే అంతా ఒళ్ళోకి రాలింది. జిగురులో కలిపితే మొహమంతా పాకింది. నేను ఇంటికి పోయి, మీరు ఫోటోలకు రంగులేసే పెట్టెలోంచి ఎర్ర బుడ్డి తెచ్చాను. అందులో కాస్త కుంకుమ కలిపి అగ్గిపుల్ల కొనతో పెడితే గట్టిగా నిలిచింది. ఆ బుడ్డి ఇప్పుడు ఖాళీ. తిట్టేటప్పుడు దీన్ని మరిచిపోకండి.

వెంకటశేషమ్మ మధ్యలో కూర్చొని పెత్తనం చేసింది. "మధ్యన పెట్టండే! కంట్లో పొడవబాకండి! ఏమ్మే, ముక్కు మీద పెట్టినావే, అది బొట్టా ముక్కుపుడకా?" చెయ్యి జారి బుగ్గ మీద పడినవి ఒక నలభై. వాటిని పారేయబోతుంటే, దిష్టి చుక్కలని చెప్పి పంచండి అన్నాను. పంచారు. ఆ నలభై దొరికినవాళ్ళు ఇప్పుడు గొప్పలు చెప్పుకుంటున్నారట.

నేను మాత్రం ఒక్క బొట్టూ పెట్టలేదు. గడప దగ్గర కూర్చొని, తడి ఆరేలా అద్దుడు కాగితం ఒత్తి, కట్టలు కట్టాను. అద్దుడు కాగితం ఒత్తడం తప్పని బైబిలులో ఎక్కడా లేదు.

తరువాత ఆ పదకొండు మందీ జట్లు జట్లుగా ఊరూ, చుట్టుపక్కల పల్లెలూ తిరిగి, కాగితం చేతిలో పెట్టి, "మా అంగడికి రావాలమ్మా" అని పిలిచారు. నడుమకూరు నుంచి, ఇస్కపల్లి నుంచి కూడా బండ్లు కట్టుకొని వచ్చారు. రెండోరోజు మధ్యాహ్నానికి అంగడి మెట్టు చెక్క విరిగింది. కామాక్షయ్య మళ్ళీ వెంకటగిరికి మనిషిని పంపాడు. పండగ అయ్యాక నలుగురిలో కూర్చొని, "నాకొక ఆలోచన వచ్చింది" అని మొదలుపెట్టి ఈ కథ ఆయనే చెబుతున్నాడు. క్రిస్మసు చీరలకూ, ఉగాది చీరలకూ మన స్టూడియోనే అని నాతో ఒప్పుకున్నాడు. ఆలోచన కావాలంటే ఆయననే ఉంచుకోమనండి.

మీకు ఈ సంగతి ఇంకెవరైనా రాసి ఉంటారు. సంఘపెద్ద జకరయ్య గారు రాసి ఉంటారు. ఆయన పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, అందరి ముందూ లేచి నిలబడ్డాడు.

"రెబెక్కమ్మా, నీ బిడ్డ నుదుటికి బొట్టు ఎక్కిందంట."

"అదిగో, పాటల పుస్తకం పట్టుకొని కూర్చోనుండాది. పోయి చూసిరా పెద్దాయనా."

"ఆ నుదురు కాదు. కాగితం మీద నుదురు."

"కాగితం మన సంఘంలో ఎప్పుడు చేరింది?"

"మాటలు బాగా నేర్చినావు. ఇదిగో, నా దగ్గరుండాది సాక్ష్యం!" అని జేబులోంచి తీశాడు.

"నీకెట్టా వచ్చింది?"

"మా ఆవిడ తెచ్చింది."

"యాడ నుంచి?"

"అంగడి నుంచి."

"ఏం కొన్నదో?"

ఆయన భార్య కొత్త చీర కొంగు తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. పాస్టరు గారికి అప్పటికప్పుడు బైబిలులో ఏదో వెతకాల్సిన పని పడింది. జకరయ్య గారు కూర్చున్నారు. ఆనందం క్రిస్మసు పాటల్లో ముందు నిలబడి పాడుతుంది. మీరు దిగులు పడకండి.

ఇక నాలుగోది. కుర్చీలో ఉంటే పోయి మంచం మీద పడుకోండి. పడుకున్నారా?

ఆ ఫోటో తీసింది నేను.

మద్రాసు శిష్యుడు లేడు. కుర్రవాడు లేడు. మన బిడ్డ ముందు పరాయివాడు ఎవడూ నిలబడలేదు. మీ కెమెరా మీద చెయ్యి వేస్తే ఊరుకోనని, పెళ్ళయిన కొత్తలో నేను చీకటిగది తలుపు తీసి పన్నెండు ప్లేట్లు పాడుచేసిన రోజున మీరు చెప్పారు. ఇరవై రెండేళ్ళు ఆ మాట మీదే ఉన్నాను. కానీ ఈ ఇరవై రెండేళ్ళూ ఆ చీకటిగదిలో మీ పక్కన నిలబడి ప్లేట్లు కడిగినదాన్ని. ఏ ప్లేటు ఎందుకు పాడైందో మీరు గొణుక్కుంటుంటే విన్నదాన్ని. మీరు నాకు నేర్పలేదు. నేను వినడం మాత్రం మీరు ఆపలేదు.

మూడు రోజులు ముసురు పట్టి, నాలుగో రోజు పొద్దున పది గంటలకు ఎండ పొడిచింది. అద్దాల పెంకుల్లోంచి మీరు ఎప్పుడూ మెచ్చుకునే ఆ తెల్లటి మెత్తటి వెలుగు దిగింది. మీ పాత కోటు తొడుక్కున్నాను. ఎందుకంటే ఆ పనికి ఆ కోటే వేసుకోవాలని నాకు అనిపించింది. నల్లగుడ్డ కిందికి తల పెట్టాను. లోపల, గాజు మీద, మన బిడ్డ తలకిందులుగా నిలబడి ఉంది. ఇన్నేళ్ళూ మీరు మనుషులందరినీ అలా తలకిందులుగా చూస్తున్నారని నాతో ఒక్కసారీ చెప్పలేదు. కాసేపు పని మరిచిపోయి అలాగే చూశాను.

మొదటి ప్లేటుకు అడ్డురేకు లాగకుండానే రబ్బరు బంతి నొక్కాను. ఏమీ పడలేదు. రెండోదానికి రేకు లాగాను గానీ, ఆనందం పరీక్ష తప్పినదానిలా నిలబడింది. చీర బాగుంది, మనిషి కొయ్య. నవ్వవే అంటే పళ్ళు చూపింది, అది ఇంకా ఘోరం. ఆ పూటకు తీసి పెట్టుకున్న మూడింట్లో మిగిలింది ఒక్క ప్లేటు.

అప్పుడు నల్లగుడ్డ తల మీద అలాగే ఉండగా బయటికి వచ్చి, ఒక చెయ్యి నడుం మీద పెట్టి, మీ గొంతు తెచ్చుకున్నాను. "ఏం పిల్లా, గడ్డం పైకి! అంత పైకి కాదు, పెంకులు లెక్కపెడతా ఉండావా? కళ్ళు నా మీద! ఊపిరి బిగబట్టు! రెబెక్కా, వంటింట్లో ఆ గిన్నెల మోత ఆపు, ఇక్కడ కళ జరుగుతా ఉండాది!" అచ్చం మీరే. దగ్గు ఒక్కటే తక్కువ.

పిల్ల మొహం విప్పారింది. "నాయనా!" అంది. బంతి నొక్కాను.

ఎవరిని చూసి నవ్వుతోంది అని అడిగారు గదా. మిమ్మల్ని చూసే.

ఇంకా ఒకటి చెప్పాలి. సున్నుండలకు ఇంట్లో వేరే కాగితం లేక అది చుట్టలేదు. కావాలనే చుట్టాను. రాసి చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు. నాకు ధైర్యం చాలకపోవడం ఏమిటని నవ్వకండి. తీయడం పాడైతే మీ పేరు పోతుందని భయం. బాగా వస్తే మీరు ఇప్పుడు రాశారే, ఆ మాట రాస్తారని అంతకంటే ఎక్కువ భయం. చూసి నాలుగు తప్పులు పడతారనీ, అప్పుడు నేనే అని చెప్పి తిట్లు తినవచ్చనీ అనుకున్నాను. మీరు తప్పులు పట్టలేదు. "చెయ్యి తిరిగినవాడు" అన్నారు. ఆ అక్షరాల మీద నా వేలు ఎన్నిసార్లు పోయిందో, కాగితం అక్కడ నలిగింది. సంతోషపడదామంటే పక్కనే మస్తానయ్య పేరు ఉంది.

ఆ మస్తానయ్య శనివారం వచ్చాడు, మీ ఉత్తరం జేబులో పెట్టుకొని. ఆయన వచ్చేదాకా ఆగి రాద్దామనే నేను ఆగింది.

"కెమెరా చూపించమ్మా, హెబ్రోను ఇచ్చెయ్యమన్నాడు" అన్నాడు.

"చూపిస్తా. పనిచేస్తాదో లేదో మీకు తెలియాల గదా. అట్టా కూర్చోండి."

హంసల బొమ్మలు గీసిన మన తెర ముందు కూర్చున్నాడు. "ఎవురు తీస్తారు?"

మీ కోటు తొడుక్కొని, "గడ్డం పైకి" అన్నాను.

ఆయన నోరు తెరిచాడు. ఊరంతటి మొహాలూ తీసిన మనిషి మొహం ఎవరూ తీయలేదేమో, ఎక్కడ చూడాలో ఆయనకు తెలియలేదు. బంతి నొక్కాను. ప్లేటు కడిగేలోగా ఆనందం ఇచ్చిన కాఫీ తాగుతూ గోడ మీది దీపావళి కాగితం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"ఇది తీసినాయన ఎవురమ్మా? నెల్లూరుకు నాతో తీసుకుపోతా."

"ఆ మనిషికి పెనిమిటి ఉండాడు సార్. రాదు."

ఆయన నన్ను చూశాడు, కోటు చూశాడు, గుడ్డ చూశాడు. తరువాత గ్లాసు కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టి, బస్సు హారను వినబడేదాకా నవ్వాడు. పోతూ పోతూ మీ ఉత్తరం నా చేతిలో పెట్టి, "హెబ్రోనుకు రాయి. నేను కెమెరా కొనడానికి రాలా, ఫోటో దిగడానికి వచ్చినా అని" అన్నాడు. పాతికేళ్ళుగా మీరు ఆయనను తిట్టుకున్నారు గానీ, మంచి మనిషి.

కెమెరా అమ్మడం లేదు. ఇది అడగడం కాదు, చెబుతున్నాను.

ఆయన ఫోటో ఈ ఉత్తరంలో పెట్టాను. నిన్న ఆదివారం కాబట్టి ముట్టుకోలేదు, ఇవాళే అచ్చు తీశాను. వెలుగున్న కిటికీ దగ్గరికి పోయి చూడండి. ఎడమ చెవి నీడలో మునిగిపోయింది, ఎందుకు మునిగిందో నాకు తెలియలేదు. చొక్కా కాలరు బాగా వచ్చింది, కళ్ళు కాస్త మసకేశాయి. తప్పు అద్దం దగ్గరా, నా దగ్గరా? ఆయననే అడగవచ్చు. అడగలేదు. మనింటి తప్పులు పరాయివాళ్ళకు చూపించడం నాకు ఇష్టం లేదు.

డిసెంబరులో కామాక్షయ్య క్రిస్మసు చీరలు పంపుతాడు. అన్నీ తెల్లవి. తెల్లచీరను తీయడం నాకు రాదు. నిన్నటి దాకా వచ్చనుకున్నాను. ఇవాళ పొద్దున మన ఇంటి దుప్పటి ఒకటి ఆనందానికి చుట్టి తీసి చూస్తే, మడతల్లేవు, అంచు లేదు, ప్లేటు మీద తెలుపంతా నలుపై ఒకటే నల్లముద్ద. ఇది తెలిసిన మనిషి అల్లూరులో లేడు. మదనపల్లెలో ఒకడున్నాడు, రోజంతా వరండాలో పడుకొని కప్పు చూస్తున్నాడు.

నాలుగు పేజీలు రాయగలరు గదా. ఈసారి రెండు పేజీలు నా మీద కోపానికి తీసుకోండి, మిగతా రెండూ తెల్లచీరకు ఇవ్వండి. వెలుగు ఏ పక్కనుంచి రావాలి, తెర నల్లదా బూడిదరంగుదా, బంతి ఎంతసేపు నొక్కాలి, అంతా రాయండి. గుడ్లు తిని, పాలు తాగి, వాళ్ళు పడుకోమన్నప్పుడు పడుకొని, లేచాక రాయండి. డిసెంబరు అయిదుకల్లా నాకు అందాలి. అందకపోతే నాకు తోచినట్టు తీసి, కింద మీ పేరు వేయిస్తాను.

ఇట్లు,
తెల్లచీర ముందు ఏం చేయాలో తెలియక నిలబడి ఉన్న
మీ భార్య,
రెబెక్కమ్మ.